యాంగ్జైటీకి ఎసెన్షియల్ ఆయిల్స్: ఇంట్లో ఫిట్స్ ఉన్న మనిషి, రెండేళ్ల పాప ఉంటే ఎట్టా వాడాలి?

కొడవలూరు చిన్నోడు అడిగారు:

అందరికీ నమస్కారం. మా చెల్లెలు డీఎస్సీకి చదవతా ఉండాది. సాయంత్రమైతే చాలు గుండె దడ, అరచేతుల్లో చెమట, పుస్తకం పట్టుకుంటే కడుపులో తిప్పడం. అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టదు. నెల్లూరులో మానసిక వైద్యుల దగ్గర చూపించాం. యాంగ్జైటీ అని ఎస్సిటాలోప్రామ్ మాత్ర రాశారు, ఈమధ్యే మొదలుపెట్టింది. దానికి తోడుగా పనికొస్తుందని ఆన్‌లైన్‌లో ఆరు సీసాల నూనెల సెట్టు, నీళ్లు పోసి ఆన్ చేస్తే సన్నటి పొగలాగా వదిలే డిఫ్యూజరు తెప్పించినాం. లావెండర్, బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు తొక్క నూనె), నారింజ, నిమ్మగడ్డి, పెప్పర్‌మింట్, నీలగిరి. ఒక్కోటి 10 మిల్లీలీటర్లు.

ఇంటి సంగతి ముందే చెప్తా. నాన్నకి ఫిట్స్ ఉండాయి, మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటాడు. అక్క కూతురికి రెండేళ్లు, పగలంతా మా దగ్గరే. చెల్లెలు చదువుకునే గది పది బై పది, ఏసీ వేస్తే తలుపు మూసే ఉంటది.

ఎన్ని చుక్కలు వెయ్యాల, ఎంతసేపు? వీడియోల్లో గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగమంటున్నారు, తాగొచ్చా? కణతలకి, అరికాళ్లకి నేరుగా రాయొచ్చా? నీలగిరి తైలం ఎప్పటినుంచో ఇంట్లో ఉండేదే, దాంతో భయమేంది అంటది అమ్మ. నిజమేనా?

మందులషాపు ఒంగోలు:

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీ ఇంటి వరకు ఆ ఆరు సీసాల్లో అన్నిటికంటే ముందు పక్కన పెట్టాల్సింది అమ్మగారు భయం లేదన్న ఆ నీలగిరినే. దాంతోపాటు పెప్పర్‌మింట్ కూడా. ఈ రెండూ డిఫ్యూజర్‌లో వెయ్యొద్దు, ఎవరి ఒంటికీ రాయొద్దు.

నీలగిరి తైలంలో నూటికి 70 పాళ్లకు పైగా సినియోల్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువ మోతాదులో అది మెదడు నరాలను రెచ్చగొడుతుంది. తాగితే ఫిట్స్ వస్తాయన్నది పాత సంగతే. పీల్చినప్పుడూ, ఒంటికి రాసుకున్నప్పుడూ ఫిట్స్ వచ్చిన కేసులను బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నాడీ వైద్యులు వైద్య పత్రికల్లో రాశారు. వాళ్లలో అంతకుముందు ఫిట్స్ అంటే ఎరగనివాళ్లూ ఉన్నారు, మాత్రలతో అదుపులో ఉండి మళ్లీ పడిపోయినవాళ్లూ ఉన్నారు. కర్పూరానిదీ ఇదే వరస. కాబట్టి నాన్నగారి విషయంలో డిఫ్యూజర్ ఒక్కటే చూసుకుంటే చాలదు. తలనొప్పి బామ్, జలుబుకి ఛాతీకి రాసే ఆయింట్‌మెంట్, ముక్కులో పెట్టుకునే ఇన్‌హేలర్, వేడినీళ్లలో వేసి ఆవిరి పట్టే క్యాప్సూల్, నొప్పుల నూనె, అన్నిటి లేబుల్ తిప్పి చదవండి. కర్పూరం, నీలగిరి చాలావాటిలో కనిపిస్తాయి. ఆయన్ని చూసే డాక్టరుకి ఆ లిస్టు చూపించండి. ఫిట్స్ మళ్లీ వచ్చినప్పుడు మాత్ర మరిచారా అని అడుగుతారు గానీ, బామ్ రాశారా అని అడిగేవాళ్లు తక్కువ.

జామాయిల్ ఆకు, అంటే నీలగిరి ఆకు, నీళ్లలో వేసి కాచే అలవాటుతో దీన్ని పోల్చుకోవద్దు. ఆకులో నూనె నూటికి ఒకటి రెండు పాళ్లే. సీసాలో ఉన్నది మొత్తం నూనే.

పాప సంగతి. పెప్పర్‌మింట్‌లో మెంథాల్ ఉంటుంది. రెండు మూడేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర అది తగిలితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ముక్కు దిబ్బడ వేసిందని ముక్కు కింద రాయడం అస్సలు వద్దు.

ఇక లావెండర్. సీసా మీద లాటిన్ పేరు చూడండి. లావండులా అంగస్టిఫోలియా అని ఉంటే అందులో కర్పూరం అంశం చాలా తక్కువ. లావెండిన్ అనో, లావండులా ఇంటర్మీడియా అనో, స్పైక్ లావెండర్ అనో ఉంటే కర్పూరం అంశం ఎక్కువ, కొన్నిట్లో నూటికి పది పాళ్లు కూడా దాటుతుంది. మీ ఇంటికి అది పనికిరాదు. ఉత్త లావెండర్ అని రాసి వదిలేస్తే ఏ రకమో తెలియదు, అదీ వద్దు.

తాగడం ఎవరికీ వద్దు. నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. మొదటి గుక్కలోనే చిక్కటి చుక్క నాలుకకీ, అన్నవాహికకీ నేరుగా తగిలి మంట పుట్టిస్తుంది. నీలగిరి అయితే ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు, చిన్నపిల్లలను స్పృహ తప్పించడానికి సరిపోతుంది. నొప్పుల నూనెల్లో కలిపే వింటర్‌గ్రీన్ ఇంకా ఘోరం. దాని ఒక్క టీస్పూనులో దాదాపు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానమైన మందు ఉంటుంది. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు దాన్ని ఒంటికి కూడా రాసుకోకూడదు.

పాప పొరపాటున తాగితే వాంతి చేయించొద్దు. నోట్లో వేలు పెట్టొద్దు, ఉప్పునీళ్లు, పాలు పట్టొద్దు. కక్కేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఇంకో పెద్ద జబ్బు. 108కి ఫోన్ చేసి, సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పొండి. విషాల గురించి అడగడానికి ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రం ఉచిత నంబరు 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతారు. కంట్లో పడితే రుద్దకుండా కుళాయి నీళ్లతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, డాక్టరుకి చూపించండి.

అత్తరుబట్టీ:

పైన చెప్పింది అక్షరాలా నిజం. నేను వాడే పద్ధతి వరకు చెప్తాను.

తమ్ముడూ, మీ ఇంట్లో ఉన్న మనుషుల్ని బట్టి చూస్తే డిఫ్యూజరు కంటే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసే పద్ధతే నయం. వాసన కావాల్సింది చెల్లెలికి, ఇంటిల్లిపాదికీ కాదు కదా. మూత బిగుతుగా ఉండే చిన్న డబ్బీలో దూది ఉండ పెట్టి లావెండర్ ఒకటి రెండు చుక్కలు వెయ్యండి. అవసరమైనప్పుడు మూత తీసి, ముక్కుకి జానెడు దూరంలో పెట్టి నాలుగైదు సార్లు నిదానంగా పీల్చి మూసెయ్యాలి. ఖాళీ ఇన్‌హేలర్ గొట్టాలు కూడా అమ్ముతారు. లోపలి వత్తికి పది పన్నెండు చుక్కలు పట్టించి బిరడా బిగిస్తే చాలా రోజులు వస్తుంది. పరీక్ష హాల్లో పక్కవాళ్లకి ఇబ్బంది లేని పద్ధతి ఇదే.

డిఫ్యూజరు వాడాలనే ఉంటే 100 మిల్లీలీటర్ల నీళ్లకి మూడు చుక్కలు, అంతే. తలుపు ఓరగా తీసిపెట్టి, నాన్న, పాప వేరే గదిలో ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. తర్వాత ఆపి, కిటికీ తెరిచి, అప్పుడు పడుకోవాలి. రాత్రంతా నడపడం తప్పు. ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో గాలినే తిప్పుతుంది. పొగ పేరుకుంటూనే ఉంటుంది. ఇక్కడ అందరూ జారే చోటు ఒకటుంది. కొద్ది నిమిషాలకే ముక్కు ఆ వాసనకి అలవాటు పడుతుంది. వాసన రావట్లేదని ఇంకో నాలుగు చుక్కలు వేస్తారు. గదిలో నూనె రెట్టింపవుతుంది, ముక్కుకి మాత్రం తెలియదు. తెల్లారి తలనొప్పి, గొంతు గరగర, ఉన్న దడ ఇంకాస్త ఎక్కువ. వాసన తెలియకపోతే బయటికెళ్లి ఐదు నిమిషాలు గాలి పీల్చి రావాలి గానీ చుక్కలు పెంచకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లుంటే డిఫ్యూజరు జోలికే పోవద్దు.

నీళ్ల గురించి ఒక మాట, మన ప్రాంతంలో ఇది ముఖ్యం. కనిగిరి వైపైనా, సముద్రపు పక్క ఊళ్లయినా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లు పోస్తే అడుగున కదిలే చిన్న గుండ్రటి రేకు మీద తెల్లటి పొర కడుతుంది. పొగ తగ్గిపోతుంది, ఆ ఉప్పే తెల్లపొడిగా గాల్లోకి వచ్చి పుస్తకాల మీద, ఊపిరితిత్తుల్లో పడుతుంది. తాగే క్యాను నీళ్లే పొయ్యండి. వారానికోసారి నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపి పదినిమిషాలు ఉంచి, మెత్తటి గుడ్డతో తుడవండి. ఏ రోజు నీళ్లు ఆ రోజే పారబోయాలి, నిలవుంటే బూజు పడుతుంది. నారింజ, నిమ్మ జాతి నూనెలు నాసిరకం ప్లాస్టిక్‌ని తినేస్తాయి. తొట్టి జిగురుగా మారితే కారణం అదే.

ఒంటికి రాయడం. నేరుగా ఏదీ వద్దు, లావెండర్ కూడా. 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో లావెండర్ ఆరు చుక్కలు కలిపితే నూటికి ఒక పాలు అవుతుంది. పెద్దవాళ్లకి అది చాలు. (చుక్క సైజు సీసా మూతని బట్టి మారుతుంది, సుమారుగా ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు.) మొదట మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి ఒకరోజు ఆగండి. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ సీసా వద్దనే అర్థం. కణతలకి వద్దు, చెమటతో కళ్లలోకి దిగుతుంది. మణికట్టు, మెడ వెనక చాలు. అరికాళ్లకి రాసి గచ్చు మీద నడిస్తే జారిపడటం ఖాయం, దాని బదులు పిక్కలకి రాసుకోవచ్చు.

నిమ్మగడ్డి ఘాటు. 30 మిల్లీలీటర్లకి నాలుగు చుక్కలు దాటొద్దు. బెర్గమాట్‌కి ఇంకో చిక్కు ఉంది. అందులో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థం ఉంటుంది. రాసుకుని పన్నెండు గంటల్లోపు ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, నెలల తరబడి పోని నల్లమచ్చలు పడతాయి. 30 మిల్లీలీటర్లకి రెండు చుక్కలకి మించితే ఆ ప్రమాదం మొదలు. మన ఎండలకి నేనైతే బెర్గమాట్ ఒంటికే వద్దంటాను, వాసనకి ఉంచుకోండి. పొదలకూరు వైపు వాళ్లకి ఇది కొత్తేమీ కాదు. నిమ్మతొక్క పిండిన చేతులతో ఎండలో పనిచేస్తే చేతుల మీద మచ్చలు పడేది ఈ గుణం వల్లే. తొక్కని పిండి తీసిన నిమ్మనూనెకి ఈ దోషం ఉంది, ఆవిరి పట్టి తీసినదానికి లేదు. తియ్య నారింజ నూనెకీ ఈ భయం లేదు.

ప్రకృతి బాట:

అందరూ భయపెడుతున్నారు. కల్తీ నూనెలతోనే ఈ గొడవలన్నీ. థెరప్యూటిక్ గ్రేడ్ అని రాసి ఉన్న స్వచ్ఛమైన నూనె కొంటే తాగినా ఏం కాదు.

అత్తరుబట్టీ:

అన్నా, థెరప్యూటిక్ గ్రేడ్ అనే ముద్ర ఏ ప్రభుత్వ సంస్థా ఇవ్వదు. అమ్మేవాళ్లు తమకి తామే వేసుకునే మాట అది. స్వచ్ఛత పెరిగితే నీలగిరిలో సినియోల్ తగ్గదు, బెర్గమాట్‌లో ఎండ దోషం పోదు. గన్నేరు కాయ ఎంత స్వచ్ఛమైనదైనా గన్నేరు కాయే. కల్తీ వేరే సమస్య, దాన్ని కూడా చూసుకోవాల్సిందే.

కొనేటప్పుడు ఇవి చూడండి: మొక్క లాటిన్ పేరు, ఏ భాగం నుంచి తీశారు, ఎలా తీశారు, బ్యాచ్ నంబరు, ఆ బ్యాచ్‌కి జీసీఎంఎస్ రిపోర్టు, అంటే నూనెలో ఏ పదార్థం ఎంత ఉందో తేల్చే ల్యాబు రిపోర్టు. ముదురు రంగు గాజుసీసా ఉండాలి. మన దేశంలోనే జమ్మూలోని భదర్వా వైపు కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ నడిపే అరోమా మిషన్ కింద రైతులు లావెండర్ పండించి నూనె తీస్తున్నారు, అసలు సరుకు దొరకని కాలం కాదు. ఆరు సీసాల్లో గులాబీ, మల్లె, గంధం కూడా ఉండి, అన్నీ ఒకే చవక ధరకి వస్తే అవి సెంట్లు. కిలో గులాబీ నూనెకి టన్నుల కొద్దీ రేకులు పడతాయి. కాగితం మీద చుక్కవేసి మరక చూసే పరీక్ష వంటనూనె కల్తీని పట్టిస్తుంది, ల్యాబులో చేసిన లావెండర్ సెంటుని పట్టించదు. పైగా గంధం, వట్టివేరు నూనెలు అసలువైనా మరక ఉంచుతాయి.

ఇంకోటి. రోహిణి కార్తెలో నెల్లూరు ఇంట్లో అలమారలో పెట్టిన సీసా ఏడాదికే పాడవుతుంది. గాలి, వేడి తగిలి లావెండర్‌లోని లినాలూల్, నారింజలోని లిమోనీన్ మారిపోతాయి, ఆ మారినవే చర్మానికి ఎలర్జీ తెస్తాయి. సగం ఖాళీ అయిన సీసాలో గాలి ఎక్కువ, కాబట్టి తొందరగా పాడవుతుంది. ఫ్రిజ్‌లో మూత బిగించిన డబ్బాలో పెట్టి, తెరిచిన తేదీ రాసుకోండి. నారింజ, బెర్గమాట్ ఏడాదికి, లావెండర్ రెండేళ్లకి మార్చెయ్యండి. టర్పెంటైన్ వాసన కొడితే తేదీ చూడక్కర్లేదు. రబ్బరు డ్రాపరు సీసాకే తగిలించి ఉంచొద్దు, నూనె రబ్బరుని కరిగిస్తుంది. దీపంలో, హారతి పళ్లెంలో వెయ్యొద్దు. నారింజ నూనె ఆవిరి 50 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది.

కొడవలూరు చిన్నోడు:

చాలా ఉపకారం అన్నా. నీలగిరి, పెప్పర్‌మింట్ తీసేసినాం. లావెండర్ సీసా మీద అంగస్టిఫోలియా అనే ఉంది. ఇంక రెండు సందేహాలు. ఈ వాసనతో నిజంగా యాంగ్జైటీ తగ్గుద్దా, తగ్గితే మాత్ర ఆపొచ్చా అని చెల్లెలు అడగతా ఉండాది. రెండోది, పాపకి జలుబు చేస్తే అమ్మ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి ఛాతీకి రాస్తది, ఒక ముక్క గుడ్డలో కట్టి దిండు కింద పెడతది. అది కూడా ఆపాల్నా?

పెన్నా ఒడ్డు:

మానసిక ఆరోగ్య విభాగంలో పనిచేసేవాళ్లు రోజూ వినే ప్రశ్న ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

లావెండర్ మీద ఉన్న గట్టి ఆధారం వాసన మీద లేదు. జర్మనీలో సిలెక్సాన్ అనే పేరుతో కొలత ప్రకారం తయారైన 80 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఉంది, దాని మీద ఉంది. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో 77 మందికి ఆరు వారాలు ఇచ్చి, ఆందోళనకి వాడే లోరాజిపామ్ మాత్ర అర మిల్లీగ్రాముతో పోల్చారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. 2014లో 539 మందితో ఇంకా పెద్దది చేశారు. అది పొట్టలోకి చేరాక కరిగేలా చేసిన మందు, ఎంత నూనె ఉందో, అందులో ఏముందో కొలిచి ఉంటుంది. దాన్ని చూపించి మీ దగ్గరున్న సీసాలోది తాగమనడం కుదరదు.

వాసన పీల్చడం మీద జరిగినవి ఎక్కువగా చిన్న అధ్యయనాలు. పళ్ల డాక్టరు దగ్గరో, ఆపరేషన్‌కి ముందో కూర్చున్నవాళ్లకి ఆ కాసేపు ఆందోళన కొంత తగ్గిందని చెబుతాయి. ఎవరికి లావెండర్ ఇచ్చారో, ఎవరికి ఉత్త నీళ్లు ఇచ్చారో వాసనని బట్టే తెలిసిపోతుంది కాబట్టి వాటి మీద పూర్తి భరోసా పెట్టలేం. అయినా ముక్కుకీ భయానికీ సంబంధం ఉంది. వాసన నాడులు మెదడులో భయాన్నీ, జ్ఞాపకాన్నీ నడిపే భాగాలకి చాలా దగ్గరి దారిలో చేరతాయి. 2018లో జపాన్‌లోని కగోషిమా విశ్వవిద్యాలయం వారు ఎలుకల్లో చూస్తే, లినాలూల్ వాసనకి వాటి బెదురు తగ్గింది. వాసన గ్రహించే శక్తి పోయిన ఎలుకల్లో తగ్గలేదు.

దీన్ని మీ చెల్లెలు ఇలా వాడుకోవచ్చు. దడ మొదలయ్యాక డబ్బీ వెతుక్కుంటే పెద్దగా ఫలితం ఉండదు. మనసు కుదురుగా ఉన్న వేళ, రోజూ ఒకే సమయానికి, ఒకే వాసనతో కూర్చోవాలి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు నిదానంగా వదలాలి, పది నిమిషాలు. వదలడం పీల్చడం కన్నా పొడుగ్గా ఉండటం ముఖ్యం, గుండె వేగాన్ని తగ్గించేది ఆ వదిలే శ్వాసే. రెండు మూడు వారాలకి ఆ వాసన తగలగానే ఒళ్లు ఆ నిదానంలోకి వెళ్లడం నేర్చుకుంటుంది. అప్పుడు చదువుకునే ముందు, పరీక్షకి ముందు పనికొస్తుంది. ఆ డబ్బీని చీవాట్లు తినేటప్పుడో, మార్కులు చూసుకునేటప్పుడో తెరవొద్దు. ఒళ్లు ఆ జతని కూడా నేర్చుకుంటుంది. లావెండర్ వాసనే నచ్చకపోతే నారింజతో చేసుకోండి. నచ్చని వాసనతో ఎవరికీ ప్రశాంతత రాదు. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ ఆపితే వచ్చే లాభం ఈ ఆరు సీసాలకంటే ఎక్కువే ఉండొచ్చు.

మాత్ర మాత్రం ఆపొద్దమ్మా. ఎస్సిటాలోప్రామ్ పట్టు దొరకడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి రోజుల్లో దడ, వికారం కాస్త పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే చాలామంది మాత్ర పనిచేయట్లేదని వదిలేసి నూనెలకి మళ్లుతారు. హఠాత్తుగా ఆపితే తల తిరుగుడు, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం వస్తాయి. ఎప్పుడు తగ్గించాలో రాసిన డాక్టరే చెప్పాలి. ఇప్పటిదాకా థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించకపోతే అడిగి చేయించండి, ఆ రెండూ అచ్చం యాంగ్జైటీలాగే దడ పుట్టిస్తాయి.

రాత్రిపూట తట్టుకోలేనంత అనిపిస్తే, బతకాలని లేదన్న మాట నోటివెంట వస్తే, టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బులు పడవు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అలాంటి మాట విన్న రాత్రి ఆమెని ఒంటరిగా పడుకోనివ్వకండి, మాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి.

మందులషాపు ఒంగోలు:

కర్పూరం సంగతి నేను చెప్తాను. అవును, రెండూ ఆపాలి.

కాచిన నూనెలో ఎంత కర్పూరం కరిగిందో ఎవరికీ తెలియదు, ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటుంది. అమెరికాలో ఒంటికి రాసే మందుల్లో కర్పూరం నూటికి 11 పాళ్లు దాటకూడదని నిబంధన పెట్టారు. ఇంట్లో కాచేదానికి ఆ కొలతే లేదు. పిల్లల చర్మం పలచన, వేడి నూనె మర్దనా చేస్తే ఇంకా తొందరగా లోపలికి దిగుతుంది. రాసిన చేయి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. దిండు కింద మూట విప్పి తింటే ఇక చెప్పక్కర్లేదు, ఒక గ్రాము కూడా పసిపిల్లల ప్రాణం మీదికి తెస్తుంది. మింగిన కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ మొదలవ్వొచ్చు. కర్పూరం బిళ్ల చూడటానికి పటికబెల్లంలాగే ఉంటుంది కాబట్టి పూజగదిలో డబ్బా పై అరకి మార్చండి. నాన్నగారు హారతి పొగకి దగ్గరగా కూర్చోకుండా చూసుకోండి.

జలుబుకి పాప ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, తల కాస్త ఎత్తులో పడుకోబెట్టండి. అమ్మగారికి మర్దనా చెయ్యాలనే ఉంటే ఉత్త కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి రాయమనండి, ఆ చేతి వెచ్చదనం పాపకి హాయిగానే ఉంటుంది. ఆయాసం, డొక్కలు ఎగరేయడం, పాలు తాగకపోవడం కనిపిస్తే మర్దనా మానేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పక్కన పెట్టిన నీలగిరి, పెప్పర్‌మింట్ సీసాలు ఎవరికీ ఇవ్వకండి, సింకులో పొయ్యకండి. పాత డబ్బాలో ఇసుక వేసి దాంట్లో పోసి, మూత బిగించి, ఎండ తగలని చోట ఉంచి చెత్తబండి వచ్చినప్పుడు ఇచ్చెయ్యండి. ఖాళీ సీసాలు సబ్బునీళ్లతో కడిగాకే బయట వెయ్యండి, అడుగున మిగిలిన నాలుగు చుక్కలు కూడా పాప చేతికి దొరక్కూడదు.